అమ్మ సాక్ష్యం, నా ఏకపాత్ర

ప్లస్ టూలో నా ఐదో సబ్జెక్టు డ్రామా. ఈ మాట చెబితే ఉయ్యూరులో మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. డ్రామాకి పరీక్షేమిటి, అందులో తప్పడమేమిటి, ఆ మార్కులతో ఏ సీటు వస్తుంది అని వాళ్ల అనుమానం. నేను జవాబు చెప్పను. మా అన్నయ్య లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీ చదవడానికి విజయవాడ వెళ్లి, ఇంటర్ రెండో సంవత్సరం పూర్తి కాకుండానే కాలేజీ హాస్టల్లో చచ్చిపోయాడు. అది చూశాక నన్ను ఆ చదువుల వైపు పంపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. డ్రామా అంటే మా అమ్మ మారుమాట్లాడకుండా ఒప్పుకుంది అందుకే. “గంతులేసుకున్నా సరే, నా కళ్ల ముందుంటే చాలు,” అంది.

అన్నయ్య మేడ మీద నుంచి జారిపడ్డాడని కాలేజీ వాళ్లు చెప్పారు. మేమూ అదే చెప్పాం. పాస్టరుగారు అదే విని, మా చర్చి సమాధుల తోటలో చోటు ఇప్పించారు. తన ప్రాణం తానే తీసుకున్నవాడికి అక్కడ చోటివ్వకూడదనే పెద్దలు మా సంఘంలో ఉన్నారు కాబట్టి, ‘జారిపడ్డాడు’ అన్న మాట అందరికీ పనికొచ్చింది. అది అబద్ధమని మా ఇంట్లో మిగిలిన ముగ్గురికీ తెలుసు. చర్చిలో సగం మందికి తెలుసనే నా అనుమానం. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఇంతమంది పెద్దవాళ్లు ఒక్క మాట మీద ఇంత గట్టిగా నిలబడగలరని అప్పుడే మొదటిసారి చూశాను.

తర్వాత మా అమ్మకి విజయవాడలో బందరు రోడ్డు మీద ఒక పెద్ద స్కూల్లో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో పాటు ఒక గది, నాకు ఫీజు లేని చదువు. ఆదివారాలు హాస్టల్ పిల్లలు ఇళ్లకి ఫోన్ చేసుకునేవాళ్లు. ఒక్కొక్కరికి కాసేపే అని స్కూలు రూలు. మా అమ్మ ఆ రూలు ఏనాడూ పాటించలేదు. ఫోన్ పిల్లల చేతికిచ్చి, దూరంగా వెళ్లి బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చునేది. ప్రిన్సిపాల్ పిలిచి మందలిస్తే “అలాగేనండి” అనేది, మళ్లీ ఆదివారం మామూలే.

నాన్న మాత్రం ఉయ్యూరులోనే ఉండిపోయాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఆయన పని ఆయనది. దూరం పెద్దదేం కాదు, బస్సులో కునుకు పట్టేలోపు దిగాలి. అయినా వచ్చేది అరుదు. వచ్చినా మా అమ్మతో మాట్లాడడు. ఆమె ఎదురుగానే కూర్చుని, “మీ అమ్మని కాసిని మంచినీళ్లిమ్మను,” అని నాతో అంటాడు. “అమ్మా, మంచినీళ్లట,” అని నేనంటాను. ఆమె అప్పటికే గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత కోపం మొదలైంది.

ఒకసారి ఉయ్యూరు వెళ్లినప్పుడు నాన్ననే అడిగేశాను. క్రషింగ్ సీజను. చెరకు ట్రాక్టర్లు వరసకట్టి రోడ్డంతా నిలబడి ఉన్నాయి. బస్సు కదలదని తెలిసి ఇద్దరం టీకొట్టు దగ్గర ఆగాం. అమ్మతో ఎందుకు మాట్లాడవు నాన్నా అన్నాను.

“ఆ ఆదివారం వాడు ఫోన్ చేశాడంట,” అన్నాడు. “వచ్చేస్తానమ్మా, ఇక్కడ ఉండలేను అన్నాడంట. పరీక్షలయ్యేదాకా ఓర్చుకో నాన్నా అందంట మీ అమ్మ. నాకు ఒక్క మాట చెప్తే బండేసుకెళ్లి తెచ్చుకునేవాణ్ణి గదే.”

“ఎవరు చెప్పారు నీకు?”

“మీ అమ్మే చెప్పింది. ఆస్పత్రి కాడ.”

టీ తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేసి, ఫ్యాక్టరీ వైపు నడిచి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. నాకు అంతవరకూ తెలిసిన కథ వేరు.

ఎందుకంటే మా అమ్మ చర్చిలో చెప్పే మాట అది కాదు. మా చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెప్పవచ్చు. దేవుడు తమకు చేసిన మేలు గురించి లేచి నిలబడి మైకులో చెప్పడమే సాక్ష్యం. జ్వరం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, తప్పిపోయిన గేదె దొరికినా చెబుతారు. చెప్పేవాళ్లు ఒక మాట ముగించి ఆగగానే వినేవాళ్లు ‘స్తోత్రం’ అంటారు. అది మర్యాద. ఎవరూ అనకపోతే చెప్పేవాళ్ల కాళ్లు వణుకుతాయి. మా అమ్మ ఏటా అన్నయ్య జ్ఞాపకార్థ కూటంలో తెల్లచీర కట్టుకుని నిలబడి ఒకే సాక్ష్యం చెబుతుంది. ఒక్క అక్షరం మారదు. “ఆ ఆదివారం నా బిడ్డ నాకు ఫోన్ చేశాడు. (స్తోత్రం.) అమ్మా, నేను బాగున్నాను, నా కోసం ప్రార్థన చెయ్యి అన్నాడు. (స్తోత్రం.) ఆ సాయంత్రమే ప్రభువు వాణ్ణి తన సన్నిధికి పిలుచుకున్నాడు.” అప్పుడు అందరూ కలిసి పెద్దగా స్తోత్రం అంటారు, ఆమె కూర్చుంటుంది, తర్వాత బిర్యానీ.

చర్చిలో ఒక మాట, నాన్నతో ఒక మాట. ఆమె చర్చిలో చెప్పేదే అబద్ధమని నేను తేల్చుకున్నాను. ‘వాడు వచ్చేస్తానన్నాడు, నేనే వద్దన్నాను’ అని ఆమె ఒక్కసారి నలుగురిలో ఒప్పుకుంటే, నాన్న కరుగుతాడని నా లెక్క. తప్పు ఒప్పుకున్న మనిషి మీద ఎంతకాలం అలుగుతారు? మంచినీళ్లు నా ద్వారా అడగడం మానేస్తాడు. మళ్లీ ముగ్గురం ఒక ఇంట్లో ఉండవచ్చు. నాకు కావలసింది అంతే. కానీ ఆమె చస్తే ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే ఆమె బదులు నేను చెబుతాను అనుకున్నాను. అలా అనుకునేనాటికి నా డ్రామా పరీక్ష దగ్గర పడింది.

పరీక్షంటే ఇది. ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన ఏకపాత్ర ఒకటి ఎంచుకుని స్టేజీ మీద చేయాలి. ఏ భాషైనా సరే. హైదరాబాదు నుంచి ఒక ఎగ్జామినర్ వస్తుంది, కెమెరా పెట్టి రికార్డు చేస్తారు. మొదలుపెట్టాక ఆపకూడదు, పక్కనుంచి ఎవరూ మాట అందించకూడదు, హాల్లో ఎవరూ నోరెత్తకూడదు. చూడ్డానికి ఇంట్లోవాళ్లూ తెలిసినవాళ్లూ రావచ్చు.

మా డ్రామా సార్ పరిషత్తు నాటకాలు ఆడీ ఆడీ గొంతు బొంగురుపోయిన మనిషి. ఆయన క్లాసులో అందరూ మొదట వెళ్లేది రాజుల దగ్గరికే. తెలుగులో ఏకపాత్ర అనగానే కిరీటం, గద, ఒక పెద్ద నవ్వు. నేనూ అదే ఎంచుకున్నాను. ఒక రాజు, ఒక అవమానం, బోలెడంత సమాసాలు. నోరు తిరగడానికి చాలా అవస్థపడి మొత్తం కంఠతా పట్టాను. వన్‌టౌన్‌లో నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణానికి అమ్మా నేనూ వెళ్లాం. సందులో తోపుడుబళ్ల మధ్య నుంచి దూరి, మెట్లెక్కి చూస్తే అటకంతా కిరీటాలే. నాకు పెట్టిన కిరీటం ముక్కు దాకా దిగింది. దాని లోపల ఎన్ని తలల చెమట వాసనో. అమ్మ నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా కాలమైంది, అందుకని కిరీటం కాసేపు తీయలేదు.

క్లాసులో చేసి చూపిస్తే సార్ చివరిదాకా ఓపిగ్గా చూశారు.

“రాజుగారు రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టున్నారమ్మా,” అన్నారు. “మాటలన్నీ వచ్చినై. మనిషి రాలేదు. నీకు బాగా తెలిసిన గొంతు ఒక్కటన్నా లేదా?”

అందరూ నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండింది. గద పక్కన పెట్టి, చేతులు ముందు కట్టుకుని, మైకు ముందు నిలబడే మా అమ్మలా నిలబడ్డాను. “సంఘంలో ఉన్న మీ అందరికీ వందనాలు,” అన్నాను. అంతే, మిగతాది దానంతటదే వచ్చింది. ఆమె గొంతు సవరించుకోవడం, ‘నా బిడ్డ’ అనే ముందు ఊపిరి తీసుకోవడం, ఆగడం. నవ్వు ఆగిపోయింది.

“ఎవరమ్మా ఆవిడ?” అన్నారు సార్.

“మా చర్చిలో ఒకావిడ సార్.”

ఆయన నా మొహంలోకి చూశారు. మధ్యలో ఆ ఖాళీలేమిటి అని మాత్రం అడిగారు. అక్కడ జనం స్తోత్రం అంటారని చెప్పాను.

“మన హాల్లో ఎవరూ అనరు గదా,” అన్నారు. కాస్త ఆలోచించి, “ఆ ఖాళీలు పూడ్చమాక. అట్టాగే వదిలెయ్. జవాబు రాని చోట నిలబడితే మనిషి లోపలిది బయటికొస్తది. అదే నీ నాటకం,” అన్నారు.

నాకు ఇంకేం కావాలి. గదికొచ్చి రాసుకున్నాను. మొదట ఆమె ఎప్పుడూ చెప్పే సాక్ష్యమే. ఒక్కో మాట చెప్పి ఆగుతుంది, స్తోత్రం రాదు. మళ్లీ చెబుతుంది, రాదు. ఆ మౌనానికి తట్టుకోలేక, ‘కాదు, వాడు బాగున్నానని అనలేదు,’ అని అసలు సంగతి బయటపెడుతుంది. వచ్చేస్తానన్నాడు, వద్దన్నాను. ఆఖరున ‘నా బిడ్డ జారిపడలేదు’ అన్న ఒక్క వాక్యం. దాంతో లైటు ఆరిపోతుంది. రిహార్సల్లో సార్ ఎదురుగా ఖాళీ కుర్చీలకు ఇది చేస్తూ ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. మనసులో ఉన్న విషం కక్కేసినట్టుండేది.

నాన్నకి ఫోన్ చేసి, నా పరీక్షకి తప్పకుండా రావాలన్నాను. అమ్మని రావద్దనడానికి వీల్లేదు, ఆమె ఉండేదే అక్కడ. వస్తే వచ్చింది, వినాల్సింది ఆమే కదా అనుకున్నాను.

“ఇంతకీ ఏం వేషం వేస్తన్నావే?” అని ఒకరోజు అడిగింది.

“చర్చిలో సాక్ష్యం చెప్పే ఆవిడ వేషం.”

ఆమె మొహం ఎలా వెలిగిపోయిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కిరీటాలూ గదలూ పెట్టుకునే ఆ స్టేజీ మీద తన కూతురు నిలబడి సాక్ష్యం చెబుతుందని అర్థం చేసుకుంది. నాటకంలో సాక్ష్యానికీ అసలు సాక్ష్యానికీ తేడా ఉంటుందని ఆమెకి తట్టలేదు. క్రిస్మస్‌కి మా చర్చిలో గొర్రెల కాపరి వేషం వేసినవాడు కూడా చివర్లో మైకు తీసుకుని సొంత సాక్ష్యం చెప్పే దిగుతాడు. మా వాళ్లకి తెలిసిన నాటకం అదే. ఆ రాత్రి ఆమె మోకాళ్ల మీద ఎంతసేపు ఉందో నాకు తెలియదు.

పరీక్ష రోజు పొద్దున తన తెల్లచీర తీసింది. సన్న నీలం అంచు ఉన్న చీర, చర్చికి కట్టుకునేది. నాకు కుచ్చిళ్లు తనే పోసి, పిన్నీసు పెట్టి, తల దువ్వి ముడి వేసింది. వెనక్కి జరిగి చూసి, “అచ్చం నాలాగే ఉన్నావే తల్లీ,” అని మెటికలు విరిచింది. ఇప్పుడే చెప్పెయ్యనా, వద్దా అని ఒక క్షణం ఊగాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను, చెప్పలేదు.

స్టేజీ పక్క తెర సందులోంచి హాల్లోకి చూశాను. ముందు వరస నిండా మా చర్చి స్త్రీల సమాజం ఆడవాళ్లు. పాస్టరమ్మగారితో సహా, అమ్మ పిలిస్తే ఉయ్యూరు నుంచి వ్యాను మాట్లాడుకుని వచ్చారు. చేతిసంచుల్లో బైబిళ్లు, ఒళ్లో మల్లెపూల పొట్లం. మధ్యలో మా అమ్మ, పెళ్లికూతురి తల్లిలా. నాన్న ఆఖరి వరసలో తలుపు దగ్గర కూర్చున్నాడు. ఎగ్జామినర్ ముందు బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. కెమెరా మీద ఎర్రలైటు వెలిగింది. పేరు పిలిచారు.

స్టేజీ మీద ఒక మైకు స్టాండు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, నేను. “సంఘంలో ఉన్న మీ అందరికీ వందనాలు,” అన్నాను.

ముందు వరసలో ఆడవాళ్లందరూ ఒక్కసారిగా పైటకొంగు తల మీదికి లాక్కున్నారు.

అప్పుడు తెలిసింది నాకు, ఏం జరగబోతోందో. కానీ ఆపకూడదు. “ఆ ఆదివారం నా బిడ్డ నాకు ఫోన్ చేశాడు,” అని ఆగాను.

“స్తోత్రం,” అన్నారు అందరూ.

ఎగ్జామినర్ తలెత్తింది. పక్కన నిలబడ్డ సార్ రెండు చేతులూ ఎత్తి ‘ష్’ అని సైగ చేశారు. ఆయన్ని చూసేవాళ్లెవరు, వాళ్లు కళ్లు మూసుకున్నారు. నేను రెండో మాట అన్నాను. మళ్లీ స్తోత్రం. ఎవరో “హల్లెలూయా” కూడా కలిపారు. నేను మౌనం కోసం తవ్వుకున్న గుంటలన్నీ వాళ్లు భక్తిగా పూడ్చేస్తున్నారు. మా అమ్మ పెదాలు నాతో పాటు కదులుతున్నాయి. ఆమెకి ఆ మాటలన్నీ కంఠతా వచ్చు కదా, ఆమెవే కదా.

ఏం చేయాలో తోచక నేను రాసుకున్నదే చేశాను. “కాదు,” అన్నాను. “వాడు బాగున్నానని అనలేదు.” మా అమ్మ పెదాలు ఆగిపోయాయి. “వచ్చేస్తానమ్మా, ఇక్కడ ఉండలేను అన్నాడు. పరీక్షలయ్యేదాకా ఓర్చుకో నాన్నా అన్నాను.”

ఆగాను. పాస్టరమ్మగారి పక్కనున్న పెద్దావిడ కళ్లు తెరవలేదు. మాట ఆగింది కాబట్టి, అలవాటు కొద్దీ, మెల్లగా “స్తోత్రం” అంది.

“అక్కా, దానికి చెప్పమాకండి,” అంది మా అమ్మ.

లేచి నిలబడింది. నా వైపు కాదు, ఆ ఆడవాళ్ల వైపు తిరిగింది. చర్చిలో నిలబడినట్టే, చేతులు ముందు కట్టుకుంది.

“దానికి స్తోత్రం చెప్పమాకండి. నేనట్టా అనలేదు. వాడూ ఏమీ అనలేదు. నేనసలు ఫోనే ఎత్తలేదు.”

కెమెరా మీద లైటు వెలుగుతూనే ఉంది.

“ఆ ఆదివారం నేను మైకు ముందరున్నా. మీరందరూ ఉన్నారు. వాడికి ఆ వారం టెస్టులో ఫస్ట్ వచ్చిందని సాక్ష్యం చెప్తన్నా. కాలేజీ వాళ్లు పంపిన మార్కులు ఫోన్‌లో చూసి చదువుతన్నా. ఆ మార్కుల మీదకే ఫోన్ వచ్చింది, వార్డెన్ నంబరు. పిల్లలు దాన్నించే చేసుకుంటారు. వాడేనని తెలుసు. కట్ చేసి, మిగతా మార్కులు చదివా. మీరు స్తోత్రం అన్నారు.” ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. “ప్రార్థన అయినాక తిరిగి చేశా. స్టడీ అవర్ మొదలైందమ్మా, వచ్చే ఆదివారం మాట్టాడండి అన్నాడు వార్డెన్.”

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను, చర్చి వెనక గదిలో, సండేస్కూల్లో. లోపలి నుంచి వాళ్ల స్తోత్రాలు వినపడుతుంటే, అన్నయ్యకి మళ్లీ ఫస్టొచ్చిందని మేం పిల్లలం చప్పట్లు కొట్టాం.

కళ్లు మూసుకున్న ఆ పెద్దావిడ ఇప్పుడు కళ్లు తెరిచి మా అమ్మనే చూస్తోంది. మా అమ్మ కూర్చుంటూ, అప్పుడు నావైపు తిరిగి, “నీ పరీక్ష నువ్వు కానీ తల్లీ,” అంది. నాకు మిగిలింది ఒక్క వాక్యం. అది నా నోటికి రాలేదు. చివరికి సార్ వచ్చి భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు.

ఎగ్జామినర్ మంచిదే. అంతరాయం నీవల్ల కాదు కాబట్టి భోజనాల తర్వాత ఇంకో ఏకపాత్ర చేయవచ్చు అంది. నాకు వచ్చిన ఇంకో ఏకపాత్ర ఆ రాజుదే. కిరీటం లేదు, గద లేదు. మా అమ్మ తెల్లచీరలో, పిన్నీసులతో సహా, నిలబడి ఆ రాజు అవమానమంతా ఏకరువు పెట్టి, పెద్దగా నవ్వాను. హాలు ఖాళీ. ఆ నవ్వుకి నాకే భయం వేసింది. పాస్ మార్కులు వచ్చాయి.

అప్పటికి వ్యాను వెళ్లిపోయింది. ఆడవాళ్లు మల్లెపూల పొట్లం మా అమ్మ చేతిలో పెట్టి, ఒక్కొక్కరే ఆమె చెయ్యి నొక్కి, ఎక్కేశారట. గదికి వెళ్లేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. నాన్న వెళ్లలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను వచ్చానని ఇద్దరికీ పట్టలేదు.

“మరి నాకెందుకు అట్టా చెప్పావు?” అన్నాడు.

అన్నయ్య పోయాక ఆయన ఆమెని నేరుగా అడిగిన మొదటి మాట అది. నేను కోరుకున్నది జరిగింది.

“మీరే అడిగారండీ,” అంది. “ఆస్పత్రి కాడ నా రెండు చేతులూ పట్టుకుని, ఆఖరికి వాడేవన్నాడు, నీతో ఏవన్నాడు అని అడిగారు. ఏమీ అనలేదు, నేను కట్ చేశానని ఎట్టా చెప్పేది? వాడు ఏదో ఒకటి అనుండాలి గదండీ.”

“బాగున్నానన్నాడని చెప్పొచ్చుగా. చర్చిలో చెప్పినట్టు.”

“మీరు నమ్మరుగా. బాగున్నోడు అట్టా ఎందుకు చేస్తాడు అంటారు.”

నాన్న గోడకి ఆనుకున్నాడు. “ఇన్నేళ్లూ నిన్ను నేను...” అని ఆగిపోయాడు.

“పోనీండి. మీరు నా మీద కోపంగా ఉంటే వాడు నాతో మాట్టాడినట్టే ఉండేది. వచ్చేస్తానమ్మా అన్నాడు, ఓర్చుకో నాన్నా అన్నాను. అనుకోగా అనుకోగా నాకు వాడి గొంతే వినపడేదండీ. అబద్ధమని తెలుసు. అయినా వినపడేది. పడుకునే ముందు రోజూ వినేదాన్ని.”

ఆమె అప్పుడు నన్ను చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

“ఇయ్యాళ ఆ మాట దీని గొంతుతో విన్నా,” అంది. “ఇందాకటి నుంచీ ఎంత గుర్తు చేసుకున్నా దీని గొంతే వస్తంది. వాడిది రావట్లా.”

నాన్న వెళ్లి ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాడు. నాకు ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.